సగం క్రాపు

ఎంత పనివాడైనా తన తల తాను కత్తిరించుకోలేడు. నాకు క్రాపు చేసేది మా ఆవిడ. పెళ్లయిన కొత్తలో సరదాకి ఒకసారి కత్తెర చేతికిచ్చి ఎలా పట్టుకోవాలో చూపించాను. ఆ సరదా అలవాటైపోయింది. ఆదివారం పూట పెరట్లో స్టూలు వేసి, నా మెడ చుట్టూ పాత దుప్పటి కట్టి, "కదలకండి" అంటుంది. ఊరందరి తలలూ వంచే నేను ఆమె ముందు తల వంచుకుని బుద్ధిగా కూర్చుంటాను. ఈ సంగతి నా షాపుకొచ్చేవాళ్లందరికీ తెలుసు. తెలిశాక ఊరుకుంటారా? నన్ను మేస్త్రీ అనీ, ఆమెను మేస్త్రీగారి మేస్త్రీ అనీ పిలుస్తారు. పిలవనీ. ఇంకొకడి చెయ్యి మాత్రం నా తలమీద పడనివ్వలేదు.

ఆమె పింఛన్ల ఆఫీసులో కిటికీ దగ్గర గుమాస్తా. ఆగిపోయిన పింఛను గురించి అడగడానికి వచ్చే ముసలివాళ్లకు జవాబు చెప్పడం ఆమె పని. వాళ్లలో సగంమందికి చెవులు వినపడవు, మిగతా సగానికి వినాలని ఉండదు. అందరితోనూ ఒకటే ఓపిక. ఉన్న ఓపికంతా అక్కడే ఖర్చయిపోతుంది కాబోలు, ఇంటికొచ్చేసరికి నా వంతుకు మిగిలేది తక్కువ. నా కటింగ్ షాపు ఆ ఆఫీసు గేటుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. కుర్చీ ముందున్న పెద్ద అద్దంలో ఆమె కిటికీ కనిపిస్తుంది. రోజంతా గడ్డాలు గీస్తూ మధ్యమధ్యలో అద్దంలో ఆమెను చూసుకుంటూ ఉంటాను. ఈ సంగతి మాత్రం ఎవరికీ తెలియదని నా ధీమా.

అలాంటి ఆఫీసును ఎత్తుకెళ్లి కొండ అవతలి ఊళ్లో పెడతామన్నారు పైవాళ్లు. అక్కడ బట్టల మిల్లు మూతపడిందట, జనానికి పనుల్లేవట, ఒక సర్కారు ఆఫీసు వెళితే ఊరు మళ్లీ కోలుకుంటుందట. కోలుకోనీ, నేనేం వద్దన్నానా? కానీ ఒక చొక్కా చించి ఇంకో చొక్కాకు అతుకు వేయడం ఏం తెలివో నాకర్థం కాలేదు. వచ్చేవాళ్లు రావచ్చు, రాలేనివాళ్లు ఉద్యోగం మానుకోవచ్చు, ఏ సంగతో బుధవారంలోగా పై అధికారికి చెప్పాలి అన్నారు. ఆమెకు ఇంకో మాట కూడా చెప్పారు. వస్తే కిటికీల విభాగానికంతా ఆమెనే పెద్దను చేస్తారట. ఆ మాట ఆమె నా దగ్గర ఎత్తలేదు. గడ్డం గీయించుకోవడానికి వచ్చిన అటెండరు చెప్పాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు, అదొక అదృష్టం.

ఆదివారం పెరట్లో కుడిపక్క పూర్తిచేసి ఎడమపక్కకు తిరుగుతూ తేలిగ్గా అంది.

"నేను మానేద్దామనుకుంటున్నానండీ."

"ఎందుకూ?"

"విసుగొచ్చేసింది. అరిచి అరిచి గొంతు పోతోంది."

"విసుగొచ్చినదానివి, మొన్న ఆ చేతికర్ర తాతకి పింఛను వచ్చిందని ఇల్లంతా గంతులేశావేం?"

"అది వేరు. తల వంచండి."

"నా షాపు కోసమేనా?" అన్నాను.

చురుక్కుమంది. కత్తెర నా చెవి కొసను కొరికింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆమె చెయ్యి తప్పలేదు. రక్తం చూసి ఆమె మొహం పాలిపోయింది. గబగబా పటికముక్క తెచ్చి రుద్దింది. కత్తెర స్టూలు మీద పెట్టేసి, "మిగతాది తర్వాత చేస్తానండీ" అని లోపలికి వెళ్లిపోయింది. కుడివైపు క్రాపు, ఎడమవైపు అడవి. అలా మిగిలాను నేను.

"వద్దు, మానకు, వెళదాం పద" అని అప్పుడే అనవచ్చు కదా అంటారేమో. నోటిదాకా వచ్చింది. కానీ ఆ షాపు నేను ఒక చెక్క కుర్చీతో, చేతి అద్దంతో మొదలుపెట్టింది. ఇప్పుడు తిరిగే కుర్చీ ఉంది, గోడంత అద్దం ఉంది. వీధిలో అందరి తలల వంపులూ నా వేళ్లకు తెలుసు. పైగా పెళ్లాం ఉద్యోగం వెనక మూట మోసుకుపోయిన మొగుడని అంటారు. నాకు కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియక అందరిమీదా వచ్చింది.

సోమవారం టోపీ పెట్టుకుని షాపు తెరిచాను. సగం తల చూపించుకుంటూ ఏ మొహంతో పనిచేయను? అటెండరు కుర్చీలో కూర్చుంటూనే, "ఏం మేస్త్రీ, నీడపట్టున టోపీ ఏంటి?" అన్నాడు. జలుబన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతను అద్దంలోకి చూసినప్పుడల్లా నా చెయ్యి టోపీ మీదికే పోయింది.

ఆ పూటే అద్దంలో ఒక సంగతి చూశాను. ఒక పెద్దావిడ కిటికీ దగ్గర నిలబడి ఏడుస్తోంది. మా ఆవిడ కుర్చీలోంచి లేచి, తలుపు తీసుకుని బయటికి వచ్చి, ఆమెను బల్లమీద కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని చెవిలో ఏదో చెప్పింది. కాసేపటికి ఇద్దరూ పడీపడీ నవ్వుతున్నారు. అటెండరు గడ్డానికి సబ్బు రాయడం మర్చిపోయి చూస్తూ నిలబడ్డాను. ఆ నవ్వు మిగిలిపోయి కొంచెం ఇంటికి వస్తుంది రోజూ. దానిమీదే నేను బతుకుతున్నాను. అది రాని ఇల్లు నాకెందుకు?

సాయంత్రం "మిగతా సగం ఎప్పుడు?" అని అడిగాను. "రేపు చేస్తాను" అంది, నా చెవివైపు చూడకుండా.

మంగళవారం పొద్దున్నే కత్తెరలకు సాన పట్టించుకు వస్తానని చెప్పి కొండ అవతలి ఊరికి బస్సెక్కాను. ఊరు చూసి తిట్టుకుందామనే వెళ్లాను, అబద్ధమెందుకు? మిల్లు గేటుకు తుప్పుపట్టిన తాళం. సగం షాపులకు తలుపులు మూసి ఉన్నాయి. మిగతా సగం షాపుల ముందు మనుషులు నిచ్చెనలెక్కి రంగులు వేసుకుంటున్నారు. ఆఫీసు కోసం సిద్ధం చేసిన మేడ ఎదురుగా ఒక కటింగ్ షాపు కనిపించింది. పనివాడి కాళ్లు ఎక్కడికి పోతాయి? చూసి వచ్చేద్దామని లోపలికి వెళ్లాను. రెండు కుర్చీలు. ఒకదానిమీద గుడ్డ కప్పి ఉంది. షాపులో ఒక ముసలాయన ఉన్నాడు.

"కూర్చో నాయనా" అంటూ నేను నోరు తెరిచేలోగానే మెడకు తువ్వాలు కట్టేశాడు. టోపీ తీసి ఒక్క క్షణం ఆగాడు.

"ఎక్కడ మధ్యలో లేచొచ్చావు?"

"నేను లేవలేదండీ. చేసేవాళ్లే లేచి వెళ్లిపోయారు."

చేతులు వణుకుతున్నాయి గానీ పని తెలిసిన చేతులు. కాసేపయ్యాక అడిగాడు, "నీ షాపు ఏ ఊళ్లో?"

"మీకెలా తెలిసింది?"

"నేను చెప్పకముందే వంచాల్సిన వైపుకి తల వంచావు. మామూలువాళ్లకి పదిసార్లు చెప్పాలి."

ఇక దాచేదేముంది? అంతా చెప్పేశాను. చెవి గాటుతో సహా. ఆయన నవ్వలేదు.

"ఆఫీసు వస్తుందంటే సంతోషంగానే ఉంది, భయంగానూ ఉంది" అన్నాడు. "అన్ని తలలు ఒక్కసారి వస్తే ఈ చేతులతో ఎక్కడ చెయ్యను? మిల్లు మూశాక మా తమ్ముడు పని వెతుక్కుంటూ ఊరొదిలి పోయాడు. ఆ కుర్చీ వాడిదే." వెళ్లి గుడ్డ తీశాడు. "చూసుకో. గట్టి కుర్చీయే."

లేచి ఆ కుర్చీ వెనక, పనివాడు నిలబడేచోట నిలబడ్డాను. అద్దంలోకి చూశాను. చాలాసేపే చూశాను.

ఇంటికి వచ్చేసరికి ఆమె అప్పటికే ఆఫీసునుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తోంది. నేను అలవాటుగా టోపీ తీసి మేకుకు తగిలించి కథ మొదలుపెట్టాను. సాన పట్టేవాడు దుకాణం తెరవలేదనీ, ఇంకొకణ్ణి వెతుక్కుంటూ పోయాననీ, అక్కడ నా ముందు బోలెడంతమంది ఉన్నారనీ. ఆమె నన్నే చూస్తోంది. చెప్పడమైపోయాక అడిగింది.

"కత్తెరలకి సాన పట్టించారు సరే. తలకెవరు పట్టారండీ?"

చెయ్యి తలమీదికి పోయింది. టోపీ మేకుకి వేలాడుతోంది. నా అంత తెలివైన దొంగ ఇంకొకడు ఉండడు.

"ఈ సాయంత్రందాకా ఆగలేకపోయారా?" అంది. "నా సగం ఎవరికిచ్చి వచ్చారు?"

ఆమెకు కోపం వస్తే తట్టుకోగలను. కళ్లలో నీళ్లు వస్తే నావల్ల కాదు. అన్నీ చెప్పేశాను. మేడ గురించి, రంగులు వేసుకుంటున్న షాపుల గురించి, ముసలాయన గురించి, రెండో కుర్చీ గురించి. "రేపు మీ పై అధికారికి ఆ ఊరు వస్తానని చెప్పు. అటెండరు నాకంతా చెప్పాడు" అన్నాను.

"మరి మీ షాపో?"

"తలకాయలు ఎక్కడైనా తలకాయలేనే."

"కబుర్లు చెప్పకండి. ఆ షాపు మీకు ప్రాణం. అక్కడ మీకేముంటుంది?"

ఇన్నేళ్లుగా దాచుకున్న మాట అప్పుడు బయటపెట్టాను. "ఆ కుర్చీ కొంచెం ఎడమకి జరిపితే అద్దంలో నీ కిటికీ కనపడుతుంది. ఇక్కడ కనపడినట్టే."

ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, కత్తెర తీసుకుని పెరటివైపు నడిచింది. నేను స్టూలు మీద కూర్చున్నాక దుప్పటి కడుతూ అంది.

"నా కిటికీ మీకు అద్దంలో కనపడితే, అందులో మీ మొహం నాకు కనపడదా ఏంటి? పొద్దస్తమానం ఆ ముసలివాళ్లతో అంత ఓపిగ్గా ఎలా ఉంటానని అడుగుతుంటారందరూ."

ఆమె ఎడమపక్క జుట్టు వేళ్లతో ఎత్తి చూసి, ముసలాయన వదిలేసిన ఎగుడుదిగుడులు సరిచేయడం మొదలుపెట్టింది. చెవి దగ్గరికి వచ్చినప్పుడు కూడా ఆమె చెయ్యి వణకలేదు.

"రేపు చెప్పేస్తాను. కదలకండి" అంది.