చూస్తున్నంతసేపే బుద్ధి

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. నా కూతురిని నాకు తెలియని కన్ను ఏదో చూస్తూ ఉండటం. జ్వరమొస్తే మందుంది, పడితే ఎత్తుకోవడానికి నేనున్నాను. ఎవడిదో తెలియని చూపుకు మాత్రం నా దగ్గర ఏ మందూ లేదు.

పాపకు రెండున్నరేళ్ళు. మాది ఒకటే గది, వంటకు అందులోనే ఒక మూల. కిటికీ కింద బల్ల, బల్ల మీద నా లాప్‌టాప్, దానికి ఎదురుగా నాలుగడుగుల దూరంలో పాప నీళ్ళ తొట్టి. స్నానాల గదిలో జారిపడుతుందని తొట్టిని ఇక్కడికి తెచ్చుకున్నాను. అది నీళ్ళలో ఆడుకునేలోపు నాకు ఒక పేజీ టైపు అవుతుంది. ఒక అచ్చాఫీసుకు టైపు చేసి పెట్టడం నా పని. చేత్తో రాసిన కాగితాలు వస్తాయి, కొట్టి పంపుతాను. తొమ్మిదో తరగతి మధ్యలో నా బడి ఆగిపోయింది. ఆ తర్వాత నా చదువంతా వేళ్ళతోనే సాగింది.

లాప్‌టాప్‌కు ఏమైనా అయితే చూసేది మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. రెండు వీధుల అవతల ఆయన షాపు. బోర్డు మీద ఒక కంప్యూటర్ మెడలో స్టెతస్కోపు వేసుకుని నవ్వుతూ ఉంటుంది. అందుకే చుట్టాలందరికీ ఆయన 'డాక్టరు'. ఈ డాక్టరుకు ఏ రోగం చూపించినా చెప్పేవి మూడే: దుమ్ము పట్టింది, పాతబడింది, నువ్వేదో నొక్కి ఉంటావు.

పది రోజుల కిందట లాప్‌టాప్ ఆయన దగ్గర్నుంచి తిరిగొచ్చింది. వచ్చినప్పటి నుంచీ లోపల ఫ్యాను ఒకటే రొద. పని చేస్తున్నప్పుడు రొద పెట్టిందంటే అర్థముంది. ఎవరూ ముట్టుకోకపోయినా, మేడ మెట్లు ఎక్కొచ్చిన మనిషిలా ఆయాసపడేది. అది ఓర్చుకున్నాను. సోమవారం ఉదయం పాపకు నీళ్ళు పోస్తుంటే, తెర పైన కెమెరా పక్కనుండే చిన్న దీపం వెలిగింది. సబ్బు చేతులతో నేను బల్ల దగ్గరికి వెళ్ళేసరికి ఆరిపోయింది.

"చార్జింగ్ లైటేమోలే," అన్నాడు మా ఆయన, బూట్లు కట్టుకుంటూ.

"చార్జింగ్ లైటు పక్కనుంటుంది. ఇది నెత్తి మీద వెలిగింది."

"అన్నయ్య మొన్ననేగా చూశాడు. వాడు చూశాక ఇంకేముంటుంది?"

"మీ అన్నయ్య చూశాకే వచ్చింది."

"నీకు ప్రతిదానికీ భయమే. పాప తుమ్మితే ఆస్పత్రి, లైటు వెలిగితే పోలీసు!"

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. లిఫ్టు కదిలిన చప్పుడు విని, తాడు ఏ అంతస్తు దగ్గర అరిగిందో చెప్పగలడు. అంత చెవి ఉన్న మనిషికి అన్నగారి పేరు వినపడగానే రెండు చెవుల్లోనూ దూది పడుతుంది.

ఆయన వెళ్ళాక పాప మోకాలికి వేసే బొమ్మల పట్టీ ఒకటి తీసి కెమెరా కన్ను మీద అంటించాను. ఆ తర్వాత ఒక విషయం గుర్తొచ్చింది. కిందటేడు ఎవరో మాస్టారు రాసిన కంప్యూటర్ పుస్తకం టైపు చేశాను. రెండు వందల పన్నెండు పేజీలు. అప్పుడు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ అందులో వెనకాల కనపడకుండా నడిచే ప్రోగ్రాముల మీద ఒక పాఠం ఉందని వేళ్ళకు గుర్తుంది. ఆ ఫైలు తెరిచి, పాప నిద్రపోయిన మధ్యాహ్నం ఈసారి కళ్ళతో చదివాను. మాస్టారు చెప్పింది ఇంతే: పేరు చూసి నమ్మకు, ఏ ఫోల్డర్‌లో కాపురముంటోందో చూడు. దానికి పూచీగా ఏ సంస్థ సంతకం పెట్టిందో చూడు. ఎప్పుడు పుట్టిందో చూడు.

టాస్క్ మేనేజర్ తెరిచాను. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ వరసగా కనపడే పట్టిక అది. తెరవగానే ఫ్యాను ఆగిపోయింది.

మూసేశాను. నేను మూడు లెక్కపెట్టేలోపు ఆయాసం మళ్ళీ మొదలు. తెరిచాను, ఆగింది. మూశాను, మొదలైంది. అలా ఐదుసార్లు చేసి చూశాను.

ఇంకొకరికైతే ఆగింది కదా అని మనసు కుదుటపడేదేమో. పిల్లల తల్లికి అలా కుదుటపడదు. పక్క గదిలో పిల్లలు అల్లరి చేస్తున్నంతసేపూ భయం లేదు. మనం గుమ్మంలోకి రాగానే చేతులు వెనక్కి పెట్టుకుని బుద్ధిగా నిలబడ్డారంటే, అప్పుడు వెతకాలి. గోడ మీద గీతలుంటాయి, లేదా నోట్లో ఏదో ఉంటుంది. ఇది కూడా నేను చూస్తున్నానని తెలిసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

పట్టికలో నూటికి పైగా పేర్లు. రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్కటీ పట్టుకుని, ఎక్కడుంటోందో తెరిచి చూశాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఎక్కువభాగం ఉండాల్సిన చోటే, సిస్టమ్ ఫోల్డర్‌లోనే, పూచీ సంతకాలతో ఉన్నాయి. ఒకటి మాత్రం 'సిస్టమ్ సర్వీస్' అని దొరబాబు పేరు పెట్టుకుని, నా పేరున్న ఫోల్డర్‌లో, కనపడకుండా దాచిన అరలో కూర్చుంది. సంతకం చోటు ఖాళీ. పుట్టింది సరిగ్గా నా లాప్‌టాప్ షాపులో ఉన్న రోజు, సాయంత్రం నాలుగూ పదికి.

ఇంటర్నెట్ తీగ పీకేశాను. అయినా దాని ఆయాసం తగ్గలేదు. దారి వెతుక్కుంటోందేమో. బావగారికి ఫోన్ చేశాను.

ఆయన బుధవారం మధ్యాహ్నం భోంచేసి, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు.

"ఏమ్మా, భూతం కనపడిందటగా?"

"కనపడలేదు బావగారూ, వినపడింది."

కెమెరా మీద పట్టీ చూశాడు. "పాపం, దీనికేమైంది? సైకిల్ మీంచి పడిందా?" తన హాస్యానికి తానే నవ్వుకున్నాడు. ఆయన హాస్యానికి నవ్వే బాధ్యత ఎప్పుడూ ఆయనదే. కుర్చీ లాక్కుని, నేను చూపించిన పేరు చదివి పెదవి విరిచాడు. "సిస్టమ్ సర్వీస్. పేరులోనే ఉంది కదమ్మాయ్. దీన్ని పీకావంటే నీ కంప్యూటర్ చస్తుంది."

"పేరుదేముంది బావగారూ. మీ బోర్డు మీద కూడా స్టెతస్కోపు ఉంది."

నోరు జారింది. జారినందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు.

ఆయన పుల్ల నమలడం ఆపాడు. "చూడమ్మాయ్, ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. తొమ్మిదో క్లాసు గట్టెక్కనిదానివి, నువ్వు నాకు చెప్పేదేమిటి?"

"చెప్పట్లేదు, అడుగుతున్నాను. సిస్టమ్‌దైతే సిస్టమ్ ఫోల్డర్‌లో ఎందుకు లేదు?"

"కొన్ని అలాగే ఉంటాయి."

"సంతకం ఎందుకు లేదు?"

"కొన్నిటికి ఉండదు."

"మీ షాపులో ఉండగా సాయంత్రం నాలుగూ పదికి ఎందుకు పుట్టింది?"

ఈసారి 'కొన్ని' రాలేదు. "యాంటీవైరస్ నోరెత్తలేదు కదా?" అన్నాడు.

"ఎలా ఎత్తుతుంది? నోరు కట్టేసి ఉంది." యాంటీవైరస్‌లో 'వీటి జోలికి వెళ్ళొద్దు' అని చెప్పే చిట్టా ఒకటుంటుంది. అందులో సరిగ్గా ఆ దాచిన ఫోల్డర్ పేరే ఉంది. అది తెరిచి చూపించాను.

"ఓ, అదా?" అని తేలిగ్గా నవ్వాడు. "అది నేనే పెట్టానే! నా ఆకుపచ్చ పెన్‌డ్రైవ్‌లో ఒక టూల్ ఉంది. అది వేస్తే కొనకుండానే సిస్టమ్ అసలుదైపోతుంది. కాకపోతే దాన్ని చూస్తే యాంటీవైరస్ గగ్గోలు పెడుతుంది. అందుకని ముందు దీని నోరు నొక్కి, తర్వాత దాన్ని వేస్తాను. ఇదంతా నీకర్థం కాదులే."

"అందరికీ అదే వేస్తారా?"

"ఆరేళ్ళుగా అందరికీ అదే పెన్‌డ్రైవ్. ఒక్కళ్ళు కూడా తిరిగొచ్చి అడగలేదు." అందులో గర్వం కూడా ఉంది.

నాకు అర్థం కాదన్నాడు కదా, అర్థమైంది చెప్తాను. కాపలా కుక్క మొరుగుతోందని దాని మూతికి గుడ్డ కట్టి, దొంగను చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టి, బయట తలుపుకు 'ఇల్లు భద్రం' అని చీటీ అంటించి వెళ్ళిపోయే వైద్యం అది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈయన దొంగ కూడా కాదు. దొంగకు కాస్తో కూస్తో తెలివుంటుంది.

ఇంకొక పేజీ తెరిచాను. సెట్టింగుల్లో, కెమెరాను ఏ ప్రోగ్రాము చివరిసారి ఎప్పుడు వాడుకుందో రాసి ఉంటుంది. దాచిన ఫోల్డర్‌లోని ఆ దొరబాబు పేరు ఎదురుగా 'మంగళవారం, ఉదయం తొమ్మిదీ నలభై నాలుగు' అని ఉంది. అంతకు ముందు రోజు నేనే చూసి కాగితం మీద రాసుకున్నది, 'సోమవారం, తొమ్మిదీ నలభై'.

"ఏమిటిది?" అన్నాడు.

"పాప స్నానం చేసే వేళ."

ఆయన పుల్ల తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తొట్టి వైపు చూశాడు, తెర వైపు చూశాడు. దగ్గరగా వేసి ఉన్న తలుపును పూర్తిగా మూసి వచ్చి, గొంతు తగ్గించి మొదట అడిగిన ప్రశ్న ఇది: "ఎవరికీ చెప్పలేదు కదా?"

పాప మంచం మీద నిద్రపోతోంది. దాని వైపు తల కూడా తిప్పలేదు.

"పాప సంగతి అడగరా?"

"చిన్నపిల్లేగా అమ్మాయ్. దానికేం తెలుస్తుంది?"

"దానికి తెలియదు కాబట్టే నేనున్నాను. మీరు బాగుచేసిన ప్రతివాళ్ళకీ ఫోన్ చేసి చెప్పండి."

"నా షాపు మూయిద్దామనా? తెల్లారేసరికి వీధంతా ఉమ్మేస్తారు నా మొహాన!"

"ఉమ్మనివ్వండి. దుమ్మైనా పోతుంది."

"నీకు బాగా నోరు లేచింది. తమ్ముడితో మాట్లాడతాను," అని చెప్పులేసుకున్నాడు. గుమ్మంలో ఆగి, "అయినా నువ్వెవరికి చెప్తావ్? నీ దగ్గర నంబర్లు ఉంటే కదా!" అన్నాడు.

మరిచిపోయాడు పాపం. బాగుచేసిన ప్రతిదాని అడుగునా ఆయన ఒక చీటీ అంటిస్తాడు, సొంతదారు పేరూ ఫోన్ నంబరూ ఉన్నది. ఆ చీటీలు టైపు చేసి పెట్టేది ఎవరనుకున్నారు? తొమ్మిదో క్లాసు గట్టెక్కని మరదలే. ఆరేళ్ళ చీటీలూ అచ్చు తీసిన కాగితాలుగా నా బల్ల సొరుగులో ఉన్నాయి. అరవై మూడు పేర్లు.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. అప్పటికే అన్నగారి ఫోన్ అందినట్టుంది, మొహం గంటు పెట్టుకున్నాడు. నేను వాదించలేదు. "కళ్ళు మూసుకుని వినండి," అని, పట్టిక తెరిచాను, మూశాను, తెరిచాను, మూశాను.

రెండోసారికే కళ్ళు తెరిచాడు. "మనం చూస్తే ఆగుతోంది!"

"ఆగుతోంది."

"లిఫ్టయినా అంతే. బరువెక్కితే ఆగడం వేరు, మనిషిని చూసి ఆగడం వేరు. ఇదేదో..." అని, నేను రాసుకున్న రెండు వేళలూ చదివాడు. లేచి వెళ్ళి తొట్టిని రెండు చేతులతో ఎత్తి స్నానాల గదిలో పెట్టి, నేల జారకుండా రబ్బరు పట్టా తెచ్చి పరిచాడు. ఆరు నెలలుగా అడుగుతున్న పట్టా అది. పాపను నువ్వు చూసుకోక్కర్లేదు, ఫోన్లు చెయ్యి అన్నాడు.

లాప్‌టాప్‌ను అచ్చాఫీసులో సిస్టమ్స్ చూసే ఆమె మొత్తం తుడిచి, అసలైన సిస్టమ్ వేసి ఇచ్చింది. ఏమేం బయటికి వెళ్ళాయో తనకూ తెలియదంది. ఎప్పటికీ తెలియదంది. అచ్చంగా నా భయం ఎలా ఉంటుందో అలాగే ఉంది ఆ జవాబు.

రెండు రోజులు ఫోన్లు చేశాను. మా డాక్టరుగారి మీద లేనిపోనివి చెప్పకమ్మా అని ఒకాయన పెట్టేశాడు. నీకెందుకు తల్లీ మావారి కంప్యూటర్ గొడవ అని ఒకావిడ. చాలామంది మాత్రం విన్నారు. ఒకామె అంతా విని, చివర్లో "మా అమ్మాయి గదిలో ఉంటుందది," అంది. బావగారు మాతో మాట్లాడటం మానేశాడు. అది మాకు జరిగిన మేళ్ళలో ఒకటి.

అరవై రెండు పేర్ల పక్కన గీత పెట్టాను. ఒకటి మిగిలింది.

ఆమె మా పై వాటాలో ఉండేది. లెక్కల టీచరు. ఒంటరి మనిషి. పడక గదిలోనే కూర్చుని లాప్‌టాప్ ముందు పిల్లలకు లెక్కలు చెప్పేది. పొద్దున తెరిస్తే రాత్రి దాకా మూసేది కాదు. నేను మెట్ల మీద కనపడితే, తొమ్మిది దాటినదానివి పది రాయడానికి ఏం రోగం అని తిట్టేది. తొమ్మిది నేను దాటలేదని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. ఆమె లాప్‌టాప్‌ను బావగారి షాపుకు నేనే పంపించాను. మా బావగారు బాగా చూస్తారు టీచర్‌గారూ అని నా నోటితోనే చెప్పాను. రెండు నెలల కిందట ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. చీటీ మీదున్న నంబరు పని చేయడం లేదు. ఇంటివాళ్ళకు ఎక్కడికి వెళ్ళిందో తెలియదు.

అందుకే ఇది రాస్తున్నాను. మీ పక్క వాటాలోనో, మీ పిల్లలకు తెర మీద లెక్కలు చెబుతూనో అలాంటి టీచరు ఎవరైనా ఉంటే, ఒకసారి వెళ్ళి చూడండి. ఆమె లాప్‌టాప్ మూత మీద పసుపు బాతు బొమ్మ ఉంటుంది, తలకిందులుగా. అది మా పాప అంటించింది. ముందు కెమెరా మీద ఏదైనా పట్టీ వేయమనండి. తర్వాత ఫ్యాను చప్పుడు వినమనండి. మీరు చూడగానే అది బుద్ధిగా ఆగిపోతే, ఆగిందని మాత్రం వదిలేసి రాకండి.