రెండు ముఖాలు పట్టే అద్దం

పెళ్లయి చింతపల్లి దగ్గరి ఈ కొండ ఊరికి వచ్చాక నాకు కనిపించిన లోటు ఒక్కటే, అద్దం. ఇంట్లో ఉన్నది అరచేయంత. అందులో నేను కనిపిస్తే మా ఆయన, ఫల్గుణ బావ, కనిపించడు. నేను బొట్టు పెట్టుకుంటుంటే వెనక నుంచి తొంగిచూసి, తన చెవి ఒకటి చూసుకుని వెళ్లిపోతాడు. పెళ్లి రోజు ఫోటోలాయన జీపు ఘాట్‌లో ఆగిపోయింది. ఇద్దరం పక్కపక్కన ఎలా ఉంటామో నాకిప్పటికీ తెలీదు.

సత్యనారాయణ సావుకారు కొట్లో రెండు అద్దాలున్నాయి. ఒకటి నిలువెత్తుది, ఒకటి పళ్లెమంత. వాలీబాల్ పోటీల రోజున ఆయన కొట్లో వస్తువుల మీద పందేలు కాయిస్తాడు. నాకంటూ ఉన్నది నా పెళ్లికి ముత్యాలమ్మ అత్త పెట్టిన ఎర్ర పుంజు. దాన్ని చంకన పెట్టుకుని వెళ్లాను.

“ఏటమ్మా నిర్మలా, పుంజుని అమ్మేత్తావా?”

“పందెం కాస్తాను. పెద్దద్దం కావాలి.”

“అయితే ఇను. మీ ఊరోలు లంబసింగి మీద ఆరు పాయింట్ల తేడాతో నెగ్గాల. కొయ్యూరోలు ముంచింగిపుట్టు మీద ఓడినా పర్లేదు గానీ, రెండు పాయింట్లకి మించి ఓడకూడదు. రెండూ జరగాల.”

పదిహేను పాయింట్ల ఆటలో అంత తేడా కష్టం. నేను దిగులుగా పుంజు తల నిమిరాను.

“సర్లే, రెండాటల్లోనూ మూడేసి పాయింట్లు నీ వేపు జరుపుతాను. మీ వోలు మూడు తేడాతో నెగ్గితే సాలు. కొయ్యూరోలు ఐదు దాకా ఓడొచ్చు. కానీ ఒకటి నెగ్గి ఒకటి పోతే పుంజు నాది. రెండూ నెగ్గితే సిన్నద్దం నీది.”

“సులువు చేసినట్టే చేసి అద్దం తగ్గించేశారే.”

“ఊరికే జరపడానికి నేనేటి, నీ మేనమామనా?”

ఒక్కోటీ సులువే, రెండూ కలిసి రావడమే సులువు కాదని డిగ్రీ చదివిన నాకు తెలుసు. అయినా మా ఊరి జట్టుకి కెప్టెన్ మా బావ. పుంజుని ఆట స్థలం పక్కనే ఉన్న ఆ కొట్టు స్తంభానికి కట్టేసి వచ్చాను. అద్దం చూపించి ఆశ్చర్యపరచాలని బావకి చెప్పలేదు.

మొదటి ఆటలో కొయ్యూరు పదకొండు దగ్గర ఆగి, నాలుగు తేడాతో ఓడింది. ఓడినవాళ్లకి నేను చప్పట్లు కొడుతుంటే అత్త వింతగా చూసింది.

తర్వాత మా ఆట. మాకు పద్నాలుగు, లంబసింగికి ఎనిమిది. ఇంకొక్క పాయింటే. అప్పుడు బావ చెయ్యెత్తి ఆట ఆపాడు. తను బయటికొచ్చి, అరవై దాటిన తన మేనమామ మంగ్లుని లోపలికి పంపాడు. ఇంకో ఇద్దరు ముసలాళ్లు పంచెలు ఎగ్గట్టి వెనకాలే దిగారు.

“ఇదేంటత్తా?”

“మనూరి అలవాటే గుంటా. గెలుపు కాయమయ్యాక పెద్దోలు దిగుతారు. మనింటికొచ్చినోలు సిన్నబోయి ఎల్లకూడదు కదా.”

పెళ్లిచూపుల్లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. లంబసింగికి తొమ్మిది అయింది, పది, పదకొండు, పన్నెండు. మంగ్లు మామ బంతి వదిలేసి నవ్వుతున్నాడు. ఇంకొక్క పాయింటు పోతే మూడు తేడాకి దారి లేదు. స్తంభం దగ్గర మా పుంజు రెక్కలు విదిల్చింది.

బావ చెమటలు తుడుచుకుంటూ నా పక్కకొచ్చాడు. “ఆళ్ల మొకాలు సూడు, ఎలా ఎలిగిపోతన్నాయో.”

మళ్లీ దిగు బావా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇందాకటి దాకా తల దించుకున్న లంబసింగి కుర్రాళ్లు ఒకరి వీపు ఒకరు చరుచుకుంటున్నారు. వాళ్లని చూస్తూ బావ మొహం కూడా అలాగే ఉంది. ఆ మాట మింగేశాను.

వాళ్ల సర్వీసు నెట్‌కి తగిలింది. ఇక్కడ ఆడేది పాత లెక్క, సర్వీసు చేసినవాళ్లకే పాయింటు. బంతి మంగ్లు మామ చేతికొచ్చింది. కింద నుంచి ఎత్తి కొట్టాడు. అది పైకి పోయి పోయి ఎండలో కలిసిపోయింది. కళ్లకి చేతులు అడ్డం పెట్టుకున్న కుర్రాళ్ల మధ్యలో పడింది.

పదిహేను, పన్నెండు. సరిగ్గా మూడు.

అప్పుడు బావకి అంతా చెప్పాను. “పుంజు పందెంలో ఉందని తెలిస్తే మామని దింపేవాడివా?”

బావ స్తంభం దగ్గరి పుంజు వేపు చూశాడు. “దింపేవోణ్నే. కాకపోతే ఇంత నిమ్మళంగా నిలబడేవోణ్ని కాను.”

ఒక చంకలో పుంజు, ఒక చంకలో అద్దం పెట్టుకుని ఇంటికొచ్చాం. బావ మేకు కొట్టి అద్దం తగిలించాడు. ఇద్దరం నిలబడితే సగం సగమే పట్టాం. ఇంకా దగ్గరికి జరిగాం. చెంపకి చెంప ఆనిస్తే గానీ రెండు ముఖాలూ అందులోకి రాలేదు.

“పెద్దద్దం రాకపోడమే మంచిదయింది,” అన్నాడు బావ.

నిజమే. ఈసారి ఆయన ముఖమంతా పట్టింది, చెవి ఒకటే బయట ఉండిపోయింది.