జీను కట్టిన గుర్రం

"గుర్రం అంగడికి ఎందుకొచ్చింది?" నెల్దా బెంతాన్‌కోర్ మూడోసారి అడిగింది.

"ఏదో కొనుక్కోడానికి టీచర్," అన్నాడు ఫబ్రీసియో. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. అదే జవాబనుకున్నారు.

ఆమెకు ఒళ్లు మండింది. టాబ్లెట్లలో ఈ కథకు అందరికీ పచ్చ టిక్కు పడింది. వేలితో పేజీలు చివరిదాకా తోసేస్తే చాలు, చదివినట్టే లెక్క. ఆ టిక్కుల పుణ్యమా అని తక్వరెంబో ఊరి చుట్టుపక్కల బళ్లలో ఇదే మొదటిదని ఇన్‌స్పెక్టరు మెచ్చుకుని పోయాడు. ఎవరిక్కావాలి ఆ మెప్పు! ఇవాళ బస్సెక్కితే ఆమె ఉద్యోగం అయిపోయినట్టే. వయసంతా ఈ ఒంటిగది బడికే ధారపోసింది. పోయేలోగా వీళ్లకు ఒక్క కథైనా అర్థమైతే చూడాలని ఆశ.

"నడక రాకముందే గుర్రమెక్కిన వెధవల్లారా! మీకు అర్థం కాలేదంటే నేన్నమ్మాలా?"

టాబ్లెట్లన్నీ లాక్కుని బీరువాలో పడేసింది. వాచిన బొటనవేలితో సుద్దముక్క పట్టుకుని కథంతా బోర్డు మీద రాయడం మొదలుపెట్టింది.

"ఇదంతా నోట్సులో ఎక్కించుకోవాలా టీచర్? చెయ్యి పడిపోద్ది!"

"పడిపోనీ. ఇంకోటుందిగా."

సుద్దపొడికి దగ్గుతూ, మధ్యమధ్య మాతే ఆకు కషాయం ఒక గుక్క పీల్చి మళ్లీ రాసింది. ఒక ముసలాయన రోజూ గుర్రమెక్కి అంగడికొస్తాడు. ఒకరోజు గుర్రం ఒక్కటే వచ్చింది, వీపున జీనుతో. అంగడివాడు దాన్ని కట్టేసి, తన టోపీ తీశాడు. అంతే కథ.

వంటమనిషి పాలగ్లాసులు తెచ్చి బల్లల మీద పెట్టి వెళ్లింది. పిల్లలు తాగుతూ రాస్తున్నారు. లూర్దెస్ పెన్సిలు ఆగింది.

"టీచర్, జీనుంది. మనిషి లేడు."

"ఊఁ."

"చచ్చిపోయాడు కదా? పోయిన చలికాలం మా తాత గుర్రం కూడా ఇట్లాగే వచ్చింది."

ఫబ్రీసియో బోర్డు మీది కథను మళ్లీ మొదటినుంచి చదవసాగాడు.

ఒక్కరికైనా అర్థమైందని సంతోషించాలో నెల్దాకు తెలియలేదు, పసిదాన్ని బాధపెట్టానని తిట్టుకోవాలో కూడా. వెళ్లి లూర్దెస్ తల పొట్టకు అదుముకుంది. బయట బస్సు హారను కొట్టింది. డ్రైవరుకు ఓపిక తక్కువ, ఆమె సంచి తీసుకుంది.

పిల్లలంతా గేటుదాకా వెళ్లి చేతులూపారు. వంటమనిషి వచ్చి గ్లాసులు ఏరుకుంది. అన్నీ ఖాళీ. లూర్దెస్ బల్ల మీది గ్లాసులో మాత్రం పాలు పోసినవి పోసినట్టే ఉన్నాయి, మీగడ కట్టి.