దుబాసి మార్చని మాట

పొద్దుటి నుంచీ ఎర్రదుమ్ము.

నైలు మీద దుమ్ము. ఖార్టూమ్ వీధుల మీద దుమ్ము. పళ్ల మధ్య కరకర...

హోటల్ హాల్లో మాత్రం చల్లదనం, గులాబీల వాసన.

ఈ రోజు సైన్యం గద్దె దిగుతుందట. దిగుతానని సంతకం పెడుతుందట. పెట్టించడానికి సముద్రాలు దాటి ఒక రాయబారి వచ్చాడు.

నేను అతని దుబాసిని. పేరు ఇల్హామ్. మావాళ్ల అరబ్బీని అతనికి ఇంగ్లీషులో చెప్పడం నా పని. మూడు నెలలుగా ఆ సైన్యాన్ని నడిపే జనరల్ నోటి మురికిని ఉతికి, ఆరేసి, మడత పెట్టి అతని చేతికిస్తున్నాను.

ముందు వరుసలో బతూల్‌ను కూర్చోబెట్టారు. నది అవతల ఒమ్దుర్మాన్‌లో టీ అమ్ముకునే మనిషి. రెండేళ్ల కిందట సైన్యానికి ఎదురుగా ధర్నాలో కూర్చున్న ఆమె కొడుకు ముంతసిర్ తిరిగి రాలేదు.

శవమూ రాలేదు.

సంతకానికి ముందు ఆమె జనరల్‌తో చెయ్యి కలపాలి. రాయబారికి ఆ ఫోటో కావాలి. సయోధ్య అంటే ఆ ఫోటోయేనట.

జనరల్ చెయ్యి చాపాడు.

"ఏమ్మా, ఇంకా కోపమేనా? పోయినోళ్లు పోయారు. ఉన్నోళ్లం బతకొద్దా?"

బతూల్ చేతులు ఒళ్లోంచి కదల్లేదు.

"నా పిల్లాణ్ణి ఎక్కడ పూడ్చావురా?"

'రా' అంది. జనరల్‌ని — 'రా' అంది.

"చోటు చెప్పు. వెళ్లి ఒక్కసారి దువా చేసుకొస్తా. అప్పుడు ఒక చెయ్యేం ఖర్మ, రెండు చేతులూ ఇస్తా."

రాయబారి నా వైపు వంగాడు. "ఏమంటోంది?"

జనరల్ కూడా వంగాడు. నవ్వు చెరగనివ్వకుండా, పెదవులు కదలకుండా...

"శాంతి కావాలంటోందని చెప్పు పిల్లా. నీకో తమ్ముడున్నాడుగా."

ఉన్నాడు.

ఉన్నాడు... ఒక్కడే.

చెప్పాను. ఆమె అన్నది అన్నట్టే చెప్పాను. ఆ 'రా'కు ఇంగ్లీషు దొరకలేదు. గొంతులో వినిపించాను.

రాయబారి విన్నాడు. పూర్తిగా విన్నాడు. మెల్లగా తలూపాడు. బతూల్ భుజం తట్టాడు.

కలం మూత తీసి జనరల్‌కు అందించాడు.

చప్పట్లు.

నన్నూ బతూల్‌నూ వంటగది తలుపులోంచి బయటికి తోశారు. నా మెడలోని కార్డు లాగేసుకున్నారు. గోడ వారగా నిలబడి తమ్ముడికి ఫోన్ చేశాను.

మోగుతోంది... ఎత్తడం లేదు.

బతూల్ ఒంటికి చుట్టుకున్న తోబ్ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"అంతా చెప్పావా, అమ్మాయ్?"

"చెప్పాను, పిన్నీ."

"ఒక్క ముక్క వదల్లేదు కదా?"

"వదల్లేదు."

"మరి ఆయన తలూపాడేం?"

చెవి దగ్గర ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది...