‘రన్’కు సాక్షి మా అత్తగారు

నేను ఐదేళ్లుగా ఒకే ఒక్క మాట మీద ఉద్యోగం చేస్తున్నాను. నవ్వకండి. ఆ మాట ‘రన్’. మూడంటే మూడే ఇంగ్లీషు అక్షరాలు. తెలుగులో దానికి ఎన్ని అర్థాలున్నాయో తేల్చి చెప్పమని నిఘంటువు ఆఫీసువాళ్లు నన్ను కూర్చోబెట్టారు. ‘పరుగెత్తడం’ అని రాసి పారేయక ఐదేళ్లేమిటని మా చుట్టాలందరూ ముక్కున వేలేసుకున్నారు. సరే, పరుగెత్తడమే అనుకుందాం. మరి ముక్కు పరుగెత్తుతుందా? కారుతుంది. సినిమా ఆడుతుంది, బస్సు తిరుగుతుంది, కొట్టు నడుస్తుంది, ఉతికిన చొక్కా రంగు దిగుతుంది. ఎన్నికల్లో ఇంగ్లీషువాడు పరుగెత్తితే మనవాడు నిలబడతాడు, గెలిచాక కూర్చుంటాడు. ఇన్నిటికీ వాళ్లు ఒకే మాటతో సరిపెట్టుకున్నారు, మహా పొదుపరులు.

మా ఆఫీసులో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. ఎవరి మాట వాళ్లకి పేరు. కిటికీ పక్కన కూర్చునే ఆవిడ ‘గెట్’ అక్క. వచ్చే ఏడు ఆవిడ రిటైరవుతోంది, మాట ఇంకా సగంలోనే ఉంది. నేను ‘రన్’ అమ్మాయిని. నలభై ఆరేళ్లొచ్చినా అమ్మాయినే. ‘జెడ్’ అక్షరం మొత్తం దక్కిందని ఒకాయన ఎగిరి గంతేశాడు. మూడు నెలల్లో అక్షరం అయిపోయింది, ఆయన ఇంటికి పోయాడు. మా ఒప్పందాలు అలాంటివి మరి, మాట పూర్తయిన రోజునే మనిషి పని కూడా పూర్తవుతుంది.

ఈ ఆఫీసు పెట్టిన పాతసారు రెండు నియమాలు పెట్టి కాలం చేశాడు. మొదటిది, ఏ అర్థమూ మన బుర్రలోంచి పుట్టించకూడదు. ప్రాణమున్న మనిషి నోట విని, ఆ వాక్యం ఉన్నదున్నట్టు కార్డు మీద రాసి, అడుగున సాక్షి ఎవరో రాయాలి. రెండోది, ‘ఇక ఈ మాటకు చెప్పడానికేమీ మిగల్లేదు’ అన్న కాగితం మీద ఎక్కువ కార్డులకు సాక్షి అయిన మనిషి సంతకం పెడితే తప్ప మాట మూసెయ్యకూడదు. ఈ రెండోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ‘జెడ్’ ఆయన టీ కొట్టతని చేత సంతకం గీకించి పని కానిచ్చాడు.

నా దగ్గర నూట నాలుగు కార్డులున్నాయి. అందులో ఎనభై ఒకటికి సాక్షి మా అత్తగారు.

మా ఆయన పోయి ఆరేళ్లయింది. రెండు గదుల ఇంట్లో నేనూ మా అత్తగారూ మిగిలాం. ఆవిడ నలభై ఏళ్లు బట్టలకు రంగులేసే కార్ఖానాలో మేస్త్రీగా చేసింది. యంత్రాల మోతను మించి అరిచి అరిచి గొంతు పెరిగింది. కార్ఖానా మూతపడ్డా గొంతు మాత్రం మూతపడలేదు. పొద్దున్న ఆరింటికి అందుకుంటుంది. నేను పక్కన కార్డులు పెట్టుకుని తిట్లు తింటూ రాసుకుంటాను. ఇంత గిట్టుబాటైన కోడలరికం లోకంలో ఇంకెవరికీ దొరికుండదు.

నా ఉద్యోగం పోతే అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చెయ్యాలి. నేను ఎక్కడో ఒకచోట తల దాచుకుంటాను, ఆవిడ మాత్రం కూతురింటికి పోవాలి. ఆ అల్లుడిగారికి నిశ్శబ్దం కావాలి. ఆ ఇంట్లో కుక్క కూడా అనుమతి తీసుకుని మొరుగుతుంది. పోయినేడు అక్కడ పది రోజులుండి వచ్చి, రెండు రోజులపాటు నాతో గుసగుసగా మాట్లాడింది మా అత్తగారు. మూడో రోజు కావాలనే పాలు పొంగబెట్టాను. అప్పుడు గానీ నోరెత్తి తిట్టలేదు. ఆ తిట్టు విన్నాకే నా ప్రాణం కుదుటపడింది.

ఇలా ఉండగా పోయిన నెల మాకు కొత్తసారు వచ్చాడు. వస్తూనే నా కార్డుల పెట్టె ముందేసుకున్నాడు.

“నూట నాలుగా? సామాన్యుడికి ఇన్ని అర్థాలెందుకమ్మా?”

“ఇవన్నీ చెప్పింది సామాన్యులేనండీ” అన్నాను.

ఆయన కార్డులు తిరగేస్తూ పోయాడు. సాక్షి అత్తగారు. సాక్షి అత్తగారు. మళ్లీ అత్తగారు. కళ్లజోడు తీసి నా వైపు చూశాడు.

“ఒక్క మనిషి ఇన్ని మాటలు మాట్లాడటం అసాధ్యం. అసలీ అత్తగారు ఉన్నట్టా లేనట్టా?”

పాపం, ఆయన అత్తగారు ఎంత మెతక మనిషో అనుకున్నాను. శుక్రవారం తనే మా ఇంటికి వస్తానన్నాడు. ఆవిడ తన ఎదుట ఆ వాక్యాలు మాట్లాడితే సరేసరి, లేకపోతే దొంగ కార్డులని రాసి నన్ను ఇంటికి పంపుతాడట.

ఆ సాయంత్రమే అత్తగారికి విషయమంతా చెప్పాను.

“ఓస్ ఇంతేనా! నాకు మాట్లాడటం నేర్పుతావటే?”

“నేర్పడం కాదత్తయ్యా. మీరు రోజూ ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి చాలు.”

అనకపోయినా బాగుండేది. మామూలుగా ఉండమంటే మామూలుగా ఉండగలిగే మనిషి ఇంతవరకు పుట్టలేదు. నాలుగు రోజులు ఆవిడ నా కార్డులు ముందేసుకుని పరీక్షకు చదివినట్టు చదివింది.

శుక్రవారం పదింటికి కొత్తసారు వచ్చాడు. మా అత్తగారు ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుంది. మొదటి కార్డు నాకు బాగా గుర్తు: ‘కుళాయి కట్టెయ్యవే, నీళ్లు పోతున్నాయి.’ సారు లేచి వెళ్లి కుళాయి తిప్పి వచ్చాడు.

“ఇప్పుడు చెప్పండమ్మా.”

మా అత్తగారు గొంతు సవరించుకుంది. “నీటి గొట్టము నుండి జలము ధారాళముగా ప్రవహించుచున్నది.”

నా తల తిరిగింది. సారు కార్డు మీద అడ్డగీత పెట్టాడు. రెండో కార్డుకు నాసిక స్రవించింది. మూడో కార్డుకు వర్ణము వెలిసిపోయినది. అడ్డగీతలు పడుతూనే ఉన్నాయి. మా అత్తగారు నా వైపు చూసి, ఎలా ఉంది అన్నట్టు కళ్లెగరేసింది.

ఏడో గీత దగ్గర నాకు తిక్క రేగింది.

“చాలించండత్తయ్యా! పన్నెండేళ్లుగా నా చెవులు తూట్లు పొడిచారే, ఈ ఒక్క పూట నోరు పెగల్లేదా? ఇలాగైతే మీ అమ్మాయి దగ్గరికే పోయి ఉండండి!”

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ కుర్చీలోంచి లేచింది.

“ఏమిటే, ఏమిటే అన్నావ్? నన్ను పంపిస్తావా? నేను లేకపోతే ఈ ఇల్లు ఒక్క పూట నడుస్తుందటే? ముందా కుళాయి కట్టెయ్యవే, నీళ్లు పోతున్నాయి! నా తెల్ల దుప్పటిని నీ ఎర్ర తువ్వాలుతో కలిపి నానబెట్టావ్. రంగు దిగదా? నలభై ఏళ్లు రంగుల్లో బతికినదాన్ని, నా దుప్పటికే రంగంటిస్తావా?”

“పొరపాటున నానబెట్టానని వందసార్లు చెప్పాను!”

“వారం నుంచి ముక్కు కారుతోంది, మందేసుకోవు. బస్సులు తిరగట్లేదని తెలిసీ వానలో నడిచిపోతావ్. నువ్వు మంచమెక్కితే చెయ్యాల్సింది ఎవరే? అటు చూడు, మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతోంది!”

“మీ అంత మొండి మనిషిని నేనెక్కడా చూళ్లేదు.”

“మొండితనం మీ వంశంలోనే ఉంది! వద్దు మొర్రో అంటున్నా మీ నాన్న మన వీధి సంఘం ఎన్నికల్లో నిలబడ్డాడా లేదా? నాలుగు ఓట్లొచ్చాయి. అందులో ఒకటి నాది!”

“మీరు వేశారా? ఇన్నాళ్లూ చెప్పలేదే!”

“చెప్పేదేంటి, నా ఓటు నా ఇష్టం!”

సారు చెమటలు కక్కుతూ టిక్కులు పెడుతున్నాడు. ఇందాకటి అడ్డగీతలన్నీ చెరిపి మళ్లీ టిక్కులు పెట్టాడు. ఒకసారి చెయ్యెత్తి, “కొంచెం మెల్లిగా అమ్మా” అన్నాడు.

“మీరు మధ్యలో రాకండి సారూ” అన్నాం ఇద్దరం ఒక్కసారే.

ముప్పావుగంట తర్వాత మేమిద్దరం ఆయాసపడుతూ కూర్చున్నాం. ఎనభై కార్డులు తేలాయి, ఒక్కటి మిగిలింది. సారు వేళ్లు నలుపుకుంటూ, కాసింత టీ దొరుకుతుందా అని అడిగాడు.

“పాలు నిండుకున్నాయి బాబూ” అంది మా అత్తగారు. ఆ ఒక్కటీ తేలింది.

కొత్తసారు మొదటిసారి నవ్వాడు. “నిజమేనమ్మా, అన్నీ నిజమే. ఒక్క కార్డు కూడా దొంగది కాదు. అంటే ‘రన్’ సంపూర్ణం.” సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. “ఇక్కడ సాక్షి సంతకం పెడితే మాట మూసేస్తాం. నెలాఖరుకి ఒప్పందం కూడా ముగుస్తుంది. శుభం.”

అప్పుడు గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. అబద్ధమని తేలితే దొంగనని పంపేవాడు, నిజమని తేలింది కాబట్టి శుభమని పంపుతున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యి తప్పించుకుందామని ముప్పావుగంట పోట్లాడి గోతిలోకి దారి చేసుకున్నాను.

మా అత్తగారు కళ్లజోడు పెట్టుకుని కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

“ఇందులో ఏం రాశారు బాబూ?”

“ఇక ఈ మాటకు చెప్పడానికేమీ మిగల్లేదని రాసుందమ్మా.”

“ఎవరికి మిగల్లేదు?”

“అంటే… సాక్షికి. మీకు.”

డెబ్బై నాలుగేళ్లలో ఆ మాట ఆవిడ ముఖం మీద అన్న మొదటి మనిషి ఆయనే.

“నాకా?” అంది. “చెప్పడానికి నాకేమీ మిగల్లేదా?” కలానికి మూత పెట్టి ఆయన జేబులో తనే గుచ్చింది. “నా నోరు మూతపడ్డాక రండి. వేలిముద్ర వేయించుకుని పోదురుగాని.”

“అప్పుడు చెల్లదమ్మా. రూలు ప్రకారం సాక్షికి ప్రాణముండాలి.”

“ప్రాణమున్నంతకాలం నేను మాట్లాడతాను. మాట్లాడుతుంటే మీ మాట ఎలా పూర్తవుతుంది? మీ రూలే నా పక్కనుంది, వెళ్లి రండి.”

ఆయన రూలు పుస్తకం తీశాడు, ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. చివరికి కాగితం మీద ‘అసంపూర్ణం’ అని రాసి, చెప్పులేసుకుని పోయాడు.

తలుపేసి వచ్చేసరికి ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చునుంది.

“నిజంగానే పంపిస్తావటే నన్ను?” అని అడిగింది, మెల్లిగా.

ఆ మెల్లి గొంతు నేను భరించలేకపోయాను. “మిమ్మల్ని పంపేసి నేనొక్కదాన్నీ ఈ గోడలతో బతకాలా అత్తయ్యా?” అని ఆవిడ ఒళ్లో తలపెట్టి భోరుమన్నాను.

“ఊరుకోవే. ఏడిస్తే ముక్కు కారుతుంది.”

“అది రాసేశాం అత్తయ్యా” అన్నాను వెక్కుతూ.

“తెలుసు లేవే. కొత్తవి ఉన్నాయి, ఇక ఊరికే పారబొయ్యను. రోజుకొక్కటే” అని నా తల మీద చెయ్యి వేసింది. “రేపు పొద్దున్నే కార్డు పట్టుకుని కూర్చో.”