బీరమ్మ కాలు

జ్వరం వచ్చే ముందే బీరమ్మకు తెలిసిపోయేది. గజ్జల్లో బిళ్ల కట్టేది. ఎడమ కాలు పిక్క దగ్గర ఎర్రబడి, ముట్టుకుంటే కాలేది. పొద్దు గూకేసరికి వణుకు మొదలయ్యేది. రెండు గొంగళ్లు కప్పినా పళ్లు టకటక కొట్టుకునేవి. వారం, పదిరోజులు మంచం మీద పడేసి జ్వరం దిగిపోయేది గానీ, పోతూ పోతూ కాలును ఇంకొంత లావు చేసి పోయేది.

చిట్యాలకు ఆటోలో పోయేంత దూరంలో ఉన్న పల్లె వాళ్లది. ఒకప్పుడు బీరమ్మ తన భర్త పర్వతాలుతో కలిసి గొర్రెల మంద వెంట నడిచేది. ఆమె ఒక్క కూత వేస్తే చేను గట్టు దాటబోయిన గొర్రె వెనక్కి తిరిగేది. బోదకాలు వచ్చాక మంద ఆయన ఒక్కడి మీద పడింది. ఆమెకు ఇల్లూ దొడ్డీ మిగిలాయి. ఏ దుకాణంలోనూ ఆ కాలికి చెప్పు దొరకలేదు. పెళ్లిళ్లకు వెళ్లినా వెనక వరసలో కూర్చుని, చీర అంచును పాదం మీదికి లాక్కుంటూ ఉండేది. తర్వాత్తర్వాత వెళ్లడమే మానుకుంది.

చెప్పేవాళ్లకు మాత్రం కొదవ లేదు. ఒకరు ఏదో ఆకు కట్టమన్నారు, ఒకరు సూది వేయించుకొమ్మన్నారు, గిట్టనివాళ్లెవరో ఏదో చేయించారని ఇంకొకరు అన్నారు. వాళ్లందరికీ కుదిరిన మాట ఒక్కటే. నీళ్లు తగిలితే కాలు ఇంకా ఉబ్బుతుందట. అందుకని స్నానం చేసేటప్పుడు బీరమ్మ ఆ కాలును పక్కనున్న బండ మీదికి చాపి, చుక్క పడకుండా చూసుకునేది. ఆముదం రాసి గుడ్డతో తుడిచేది. కాలు నుంచి వచ్చే వాసన తనకే తెలిసేది. పదేళ్ల కూతురు సుస్మిత వచ్చి పక్కలో పడుకోబోతే, "అవ్వ కాడికి పో బిడ్డ," అని పంపేసేది. తన రోగం పిల్లకు ఎక్కడ అంటుకుంటుందోనని భయం.

ఆ ఎండాకాలం జ్వరం దిగినా నీరసం పోక, చిట్యాల సర్కారు దవాఖానకు వెళ్లింది. చీటీ రాయించుకుని బల్ల మీద కూర్చుంటే, పక్కన ఒకామె రెండు కాళ్లూ ముందుకు చాపుకుని కూర్చుని ఉంది. గంజి పెట్టిన నూలు చీర, చేతిలో సంచి. ఆమె కుడి కాలు అచ్చం బీరమ్మ కాలులాగే వాచి ఉంది. కానీ చర్మం నున్నగా ఉంది, గోళ్లు కత్తిరించి ఉన్నాయి, వెడల్పు పట్టీల చెప్పు అమిరినట్టు ఉంది. దాన్ని దాచుకునే ప్రయత్నమే లేదు. బీరమ్మ చూపు తిప్పుకోలేకపోయింది.

"సూడక్కా, మంచిగ సూడు. మనది ఒక్క బాధనే," అంది ఆమె నవ్వి. "జ్వరం ఎన్ని దినాలకొకపారి వస్తాంది నీకు?"

బీరమ్మ ఉలిక్కిపడింది. "నాకు జ్వరం వస్తదని నీకెట్ల ఎర్క?"

"నాకు గూడ వచ్చేది గద. ఇప్పుడు మూడేండ్లాయె, రాక."

ఆమె పేరు స్వర్ణ. చిట్యాలలోనే అంగన్‌వాడీ టీచరు. బీరమ్మ గొంతు తగ్గించి, "మరి కాలు తగ్గిందా?" అని అడిగింది.

"జరంత తగ్గింది. మొత్తం తగ్గదక్కా. కని జ్వరం ఆగింది. జ్వరం ఆగితె కాలు పెరుగుడు ఆగుతది."

"ఏం మందు వాడినవ్?"

"సబ్బు, నీళ్ళు."

తనను ఆట పట్టిస్తోందనుకుని బీరమ్మ ముఖం తిప్పుకుంది. స్వర్ణ ఆమె చేయి పట్టుకుంది. "నవ్వులాటకు అంటలేనక్కా. నెలల రెండో శనివారం గీ దవాఖాన ఎనకాల వరండల మన అసొంటోళ్ళం కూసుంటం. సిస్టర్ అన్ని చెప్తది. ఒక్కపారి రా. నచ్చకుంటె మళ్ల రాకు."

వెళ్లాలా వద్దా అని ఆ శనివారం దాకా బీరమ్మ మనసు మనసులో లేదు. చివరికి, ఆ నున్నటి పాదం కళ్ల ముందు మెదులుతూ ఉండగా ఆటో ఎక్కింది.

వరండాలో చాపల మీద పదిమంది దాకా ఉన్నారు. ఆడవాళ్లు, మగవాళ్లు, కాలేజీకి పోయే ఒక అమ్మాయి కూడా. అందరి కాళ్లూ బయటే ఉన్నాయి. నర్సు గ్రేస్ చేతి లైటు పట్టుకుని బీరమ్మ ముందు కింద కూర్చుని పాదాన్ని ఒడిలోకి తీసుకోబోయింది. బీరమ్మ కాలు వెనక్కి లాక్కుంది. ఇన్నేళ్లలో ఆ పాదాన్ని ఇంకొకరు ముట్టుకున్నది లేదు.

"వాసనొస్తది సిస్టరమ్మా."

"వస్తె వచ్చిందమ్మా. అందుకే గద కూసున్న," అని గ్రేస్ వేళ్లు విడదీసి లైటు వేసింది. చిటికెన వేలి సందులో చర్మం తెల్లగా నాని పగిలి ఉంది. "ఇగో, గీ పగులు సూడు. కంటికి కనపడని క్రిములు గీడికెళ్ళి లోపలికి పోతాన్నయి. పోయినప్పుడల్ల నీకు వణుకు జ్వరం. కాలుల నీరు గుంజుకపోయే సన్న దారులు ఎన్నడో మూసుకపోయినయి. దోమ కుట్టి పురుగు పోయి చేసిన పని అది. వాటిని నేను తెరవలేను. నీ కాలు మునుపటి లెక్క అయితదని అబద్ధం చెప్ప. కని గీ సందులు శుభ్రంగ, పొడిగ ఉంచితె జ్వరాన్ని ఆపొచ్చు."

బీరమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కాలు బాగుకాదన్నందుకు కాదు. ఆ సంగతి లోలోపల ఆమెకు తెలుసు. ఇన్నేళ్లలో తన కాలికి ఏమైందో ఒక్కరూ చెప్పలేదు. అందరూ ఏదో ఒకటి చెయ్యమన్నవాళ్లే.

అంతలో కాలేజీ అమ్మాయి అడిగింది. "సిస్టర్, మా తమ్ముడు నా పక్కల పండుకుంటడు. అంటుకుంటదా?"

"పక్కల పండుకుంటె రాదు, ముట్టుకుంటె రాదు. దోమతోటే వస్తది. దోమతెర కట్టుకోండ్రి ఇద్దరు."

బీరమ్మ ఆ తర్వాతి మాటలు సగం వినలేదు. ఇంటికి చేరగానే సుస్మితను దగ్గరకు లాక్కుని, నెత్తి మీద ముద్దు పెట్టుకుని, "ఇయ్యాల్టి సంది నా కాడనే పండు బిడ్డ," అంది. ఎందుకో ఏమిటో అడగకుండా ఆ పిల్ల అప్పుడే వెళ్లి తన దుప్పటి తెచ్చి తల్లి మంచం మీద వేసింది.

మర్నాడు పొద్దున బీరమ్మ వాకిట్లో పీట వేసుకుని, తొట్టెలో నీళ్లు, సబ్బు పెట్టుకుంది. అత్త బాలనర్సమ్మ చూసి పరుగున వచ్చింది.

"ఏం చేస్తున్నవే? నీళ్ళు తాకితె ఉబ్బుతదని ఎర్క లేదా? ఇగ లేవకుంట పడతవ్."

"దవాఖానల చెప్పిండ్రు అత్తా."

"వాళ్ళకేం ఎర్క? పడేది నువ్వు, చేసేది నేను."

బీరమ్మ చెయ్యి నీటి మీదే ఆగిపోయింది. ఇన్నేళ్ల భయం ఒక్క శనివారంతో పోదు. దొడ్డి తలుపు తీయబోతున్న పర్వతాలు వెనక్కి వచ్చి, ఆమె ముందు కూర్చుని, పాదం ఎత్తి వేళ్ల సందుల్లోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అవ్వా, ఇటు రా," అన్నాడు తల్లితో. "వానకాలం దొడ్డిల బురదైతె జీవాలకు గిట్టల సందుల ఏమైతది?"

"పుండైతది."

"అప్పుడు నువ్వేం చేస్తవ్?"

"కడిగి, ఆరబెట్టి, మందు పెట్టి ఎండిన జాగల కట్టేస్త," అని చెప్పి ముసలామె ఆగింది. వంగి కోడలి కాలి వేళ్లను చూసింది. గొర్ల గిట్టలను అరవై ఏళ్లుగా చూసిన కళ్లు అవి. కాసేపటికి, "గదే పుండు," అంది మెల్లగా. ఇంట్లోకి వెళ్లి మెత్తటి పాత పంచె ఒకటి చింపి తెచ్చింది. "కడుగుడు కాదే, ఆరబెట్టుడు ముఖ్యం. సందులల్ల తడి ఉండొద్దు."

ఆనాటి నుంచి బీరమ్మకు అది పూజలాంటి పనైంది. పొద్దునా సాయంత్రం కడగడం, సందులు తుడిచి ఆరబెట్టి గ్రేస్ ఇచ్చిన మందు రాయడం. మడమలు లేపుతూ దించుతూ కసరత్తు. పడుకునేటప్పుడు కాలు ఎత్తుగా ఉండేలా మంచానికి ఆ వైపు కింద ఇటుకలు. మొదటి నెలలోనే వాసన పోయింది. జ్వరం రావలసిన వేళకు రాలేదు. వస్తుందేమోనని గజ్జలు తడుముకుంటూ తిరిగింది. రాలేదు.

వానలు పడ్డాక మాత్రం వచ్చింది. ఆ రోజు బీరమ్మ గోడ వైపు తిరిగి పడుకుని స్వర్ణకు ఫోన్ చేసింది. "అంత ఉత్తదే చెల్లె. మళ్ల వచ్చింది. ఇగ నాతోని కాదు."

స్వర్ణ మధ్యాహ్నానికల్లా ఆటోలో దిగింది. ఓదార్పు మాటలేవీ లేకుండా పాదం చూడటం మొదలుపెట్టింది. మడమ పక్కన ముల్లు గీరిన గాటు కనిపించింది. "గిది ఎప్పుడు?"

"దొడ్డి కంచె కట్టంగ గీరింది. చిన్నదే గదాని..."

"గీడికెళ్ళి వచ్చిందక్కా. జ్వరం ఊరికె రాలే, దారి దొరికి వచ్చింది. ఇగ ఆ దారులు నీకు ఎర్కనే గద."

ఇద్దరూ అదే ఆటోలో దవాఖానకు వెళ్లారు. డాక్టరు రాసిన మందులు వెంటనే మొదలుపెట్టి, చల్లటి తడిగుడ్డ వేసుకుని, కాలు ఎత్తిపెట్టుకుని పడుకుంటే మూడో రోజుకే జ్వరం దిగింది. బీరమ్మ లేచి కూర్చుని ఆశ్చర్యపోయింది. ఎందుకు వస్తుందో తెలియక పదేళ్లు వణికించిన జ్వరం అది. దాని రాకపోకలు ఇప్పుడు తనకు తెలుసు. ఆ తెలివిడి ఆమెకు మందు కంటే ఎక్కువ బలమిచ్చింది.

చలికాలం వచ్చేసరికి, స్వర్ణ చెప్పిన చోట కుట్టించుకున్న వెడల్పు చెప్పులు వేసుకుని మంద వెంట బయల్దేరింది. మొదట చెరువు కట్ట దాకా, తర్వాత గుట్ట కింది బీడు దాకా. పర్వతాలు కావాలనే నెమ్మదిగా నడిచాడు. ఆమె అది కనిపెట్టి, "నా కోసం ఆగకు, జీవాలు చేన్ల పడ్తయి," అని ముందుకు కదిలింది.

మరుసటి ఏడు ఊళ్లో బోదకాలు గోలీలు పంచే రోజు వచ్చింది. ఆశా వర్కరు సత్తమ్మ పంచాయతీ ఆఫీసు ముందు బల్ల వేసుకుని కూర్చుంది. జనం గుమిగూడారు గానీ మింగేవాడు లేడు.

"రోగం లేనోళ్ళకు మందెందుకు సత్తమ్మా?" అన్నాడు ట్రాక్టరు నడిపే ఎల్లస్వామి. "గోలీ ఇయ్యి, ఇంటికి పోయి ఏసుకుంట." ఇంటికి పోయినవి పెంటకుప్పలో పడతాయని అందరికీ తెలుసు. నవ్వులు లేచాయి. సత్తమ్మ చెప్పి చెప్పి గొంతు ఎండిపోయి కూర్చుంది.

బీరమ్మ మంద తోలుకుపోతూ అటుగా వచ్చింది. ఆగింది. కట్టెను పర్వతాలు చేతికిచ్చి, నేరుగా బల్ల దగ్గరకు నడిచింది. అక్కడున్న కుర్చీ మీద ఎడమ పాదం పెట్టి, చీరను మోకాలి కింది దాకా పైకి తీసింది. నవ్వులు ఆగిపోయాయి.

"సూడుండ్రి," అంది. మందను పిలిచే గొంతు వచ్చేసింది. "పదేండ్లు దాసిన. ఇగ దాయ. గిది నాకు పుట్టుకతోని రాలే, పాపం చేస్తె రాలే, ఎవరో చేపిస్తె రాలే. దోమతోని వచ్చింది. పురుగు లోపల ఉన్నా ఏండ్ల దాంక కాలు వాయదు. నాకు గూడ వాయలే. రోగం లేదనుకుంట తిరిగిన. గిట్ల వాసినంక ఏ గోలీ దీన్ని ఎనుకకు తియ్యదు. వాయకముందే మింగాలె. మీ పిల్లల కాళ్ళు మీకు ఎక్కువ కాదా?"

బీరమ్మ గుంపులో నిలబడ్డ కూతురి వైపు తిరిగి, "సుస్మితా, తిన్నవా బిడ్డ? ఉత్త కడుపుతోని మింగొద్దు," అంది. తిన్నానంది పిల్ల. సత్తమ్మ ఇచ్చిన గోలీలు ఊరందరి ముందు మింగింది. తర్వాత బాలనర్సమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి చెయ్యి చాపింది. ఆమె వెనక ఒకరు, ఆ వెనక ఇంకొకరు. చూస్తుండగానే పంచాయతీ ఆఫీసు మెట్ల దాకా వరస పెరిగింది. కడుపుతో ఉన్నవాళ్లను, పసిపిల్లలను సత్తమ్మ పక్కకు పంపుతుంటే, బిందెలో నీళ్లు అయిపోయి మళ్లీ తెప్పించాల్సి వచ్చింది.

ఎల్లస్వామి కూడా మింగాడు. ఆ సాయంత్రం బీరమ్మ వాళ్ల దొడ్డి దగ్గరకు వచ్చి, అటూ ఇటూ చూసి, ప్యాంటు అంచు పైకి లాగాడు. కుడి చీలమండ ఉబ్బి ఉంది.

"రెండేండ్ల సంది వదినా. ఇంట్ల గూడ చెప్పలే. పెద్ద ప్యాంట్లు కుట్టించుకుంటున్న."

"జ్వరం వస్తదా?"

"వస్తది."

"కూసో," అంది బీరమ్మ పీట జరిపి.

రెండో శనివారం ఆమె అతన్ని చిట్యాలకు తీసుకెళ్లింది. మరుసటి నెలకు ఊళ్లో దాచుకున్న కాళ్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఒక ఆటో చాలలేదు. ఇంతమంది రావడం కంటే తానే వస్తానని గ్రేస్ అంది. అట్లా నెలకొకసారి వాళ్ల కూటం బీరమ్మ వాకిట్లోనే మొదలైంది.

మొదటిసారి గ్రేస్, స్వర్ణ కలిసి వచ్చేసరికి వాకిలంతా పీటలు, తొట్లు, తడి తువాళ్లు. బాలనర్సమ్మ అరుగు మీద కూర్చుని గుడ్డలు చింపి ఇస్తోంది. బీరమ్మ ఎల్లస్వామి ముందు కూర్చుని అతన్ని గద్దిస్తోంది.

"పైపైన తుడిస్తె తుడిచినట్టా? సందులల్ల తడి ఎవరు తీస్తరు, మీ ట్రాక్టరు సేటా?"

"అక్కా, మేం వచ్చినం," అని వాకిలి చివర నుంచే పిలిచింది స్వర్ణ.

బీరమ్మ తల ఎత్తలేదు. "జర కూసో చెల్లె," అంది, ఇంకో పొడిగుడ్డ కోసం అత్త వైపు చెయ్యి చాపుతూ. "పనిల ఉన్న."