పన్నుకీ పంటికీ

ముప్ఫై ఏడో వరస దగ్గర ఆవిడ వేలు ఆగింది. “పన్ను కట్టడానికి ఆఖరి తేదీ.” నిన్న మధ్యాహ్నం ఎవరో సెర్చ్‌లో ఈ ముక్కలు కొట్టారు, పైన కనిపించిన ప్రకటన నొక్కారు, తిన్నగా వెళ్ళి ఒక పళ్ళ డాక్టరు పేజీలో తేలారు. నొక్కినందుకు డాక్టరుకి ఖర్చు పడింది. నొక్కినవాళ్ళకి తేదీ దొరకలేదు. ఆవిడ “ఆఖరి తేదీ” అన్న ముక్కను తీసి వద్దుల్లో వేసి, జారిపోతున్న కళ్ళజోడును పైకి తోసుకుని తరవాతి వరసకు వెళ్ళింది. “ఇంటి పన్ను పేరు మార్పు.” వద్దు. “పళ్ళు కేజీ ఎంత.” వద్దు. “షుగరున్నవాళ్ళు ఏ పళ్ళు తినాలి.” పాపం, ఇదీ వద్దే.

టైర్ల కొట్టు మీద మేడలో రెండు గదుల ఆఫీసు అది. కింద గాలి మిషను బుస్సుమన్నప్పుడల్లా నేల కాస్త వణుకుతుంది. నాలుగు బల్లలు, నలుగురు మనుషులు, ఏ మూలకీ సరిగా గాలి అందించని ఒక ఫ్యాను. దుకాణాలవాళ్ళకి, డాక్టర్లకి, రిపేరు షాపులవాళ్ళకి ఫోన్లలో కనిపించే ప్రకటనలు పెట్టడం ఆఫీసు పని. జనం ఏ మాట వెతికితే ఏ ప్రకటన కనబడాలో, ఏ మాటకి కనబడకూడదో ఏరడం ఆవిడ పని. కనబడకూడనివాటిని మిగతావాళ్ళు నెగెటివ్‌లు అంటారు. ఆవిడ మాత్రం తొమ్మిదేళ్ళుగా వద్దులనే అంటోంది.

ఆవిడకి యాభై తొమ్మిదేళ్ళు. సన్నగా ఉంటుంది. మెడ కుడివైపుకి ఒరిగి ఉంటుంది, ఎప్పుడూ ఎవరి మాటో వింటున్నట్టు. చూసినవాళ్ళు నరం పట్టేసిందేమో అనుకుంటారు. అది నరం కాదు, ఇరవై రెండేళ్ళు చెవికీ భుజానికీ మధ్య టెలిఫోను ఇరికించుకున్న ఫలితం. టెలిఫోన్ ఎంక్వైరీలో కూర్చుని, అడిగినవాళ్ళకి నంబర్లు చెప్పిన మనిషి. అందుకే ఇక్కడ చేరిన మొదటి వారంలోనే ఎంక్వైరీ అక్క అయింది, అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నిజమే గానీ, అడగడం అందరికీ వస్తుందా? ఎంక్వైరీకి ఫోన్ చేసినవాళ్ళలో సగం మందికి తమకేం కావాలో పేరు తెలిసేది కాదు. “ఆ డాక్టరండీ, మెట్ల మీంచి పడితే చూస్తాడే ఆయన.” “వంటింట్లో మోకాలి దాకా నీళ్ళున్నాయమ్మా, ఎవరికి చెప్పుకోవాలి?” పుస్తకంలో ఉన్న పేరు వేరు, మనిషి నోట్లోంచి వచ్చే మాట వేరు. ఆ రెంటినీ కలపడమే ఆవిడ ఉద్యోగం. మొగుడు కూడా అలాగే దొరికాడు. గొట్టాల పనివాడు, సామాన్ల కొట్టు నంబరు కోసం వారానికోసారి ఫోన్ చేసేవాడు. పదకొండోసారి, నంబరు తన దగ్గరే ఉందని, ఊరికే చేస్తున్నానని ఒప్పుకున్నాడు. “నేను గొంతు చూసి చేసుకున్నాను, మొహం కొసరు” అని జీవితాంతం అందరికీ చెప్పుకున్నాడు. ఆయన పోయిన ఏడాదే ఎంక్వైరీ కూడా ఎత్తేశారు. జనం తమ వేళ్ళతో తామే వెతుక్కోవడం నేర్చారు.

రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాక ఈ ఆఫీసుకి వచ్చింది. మొదటిరోజు యజమాని కంప్యూటరు తెర చూపించి, “నిన్న జనం ఏమేం కొట్టారో ఇదీ జాబితా అక్కా” అన్నాడు. చదువుతుంటే ఆవిడకి కళ్ళు చెమర్చాయి. వాళ్ళే వీళ్ళు. గొంతులు లేవు గానీ, వరస మారలేదు. “మంచం కింద ఎర్రగా చిన్న పురుగులు కుడుతున్నాయి.” “ఫ్రిజ్ చప్పుడు చేస్తోంది కానీ చల్లబడట్లేదు.” పోయారనుకున్న మనుషులందరూ తిరిగొచ్చినంత సంతోషం కలిగింది.

ఇదంతా బాగానే నడిచేది, మిషను రాకపోతే. కిందటేడు నుంచి మాటలు ఏరే పని కంప్యూటర్లో ఉండే మిషనుకి అప్పగిస్తున్నారు. దుకాణం పేరు చెబితే చాలు, అదే వెతుక్కుంటుంది, అదే పెట్టుకుంటుంది. ఒక్కొక్క ఖాతా ఆవిడ బల్ల మీంచి వెళ్ళిపోయింది. పళ్ళ డాక్టరమ్మ ఖాతాలో మాత్రం మిషను బోర్లా పడింది. పన్ను అంటే పన్నని, పళ్ళంటే పళ్ళని పొరబడింది. ఆ చిక్కు విప్పమని నాలుగు రోజుల కిందట ఆ ఒక్కటీ ఆవిడకి ఇచ్చారు.

పది గంటలకి డాక్టరమ్మే స్వయంగా మెట్లెక్కి వచ్చింది. వెనక వీధిలోనే ఆసుపత్రి. ముప్ఫై దాటని పిల్ల, కళ్ళ కింద నల్లటి చారలు. యజమాని కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“నిన్న ఒకాయన ఫోన్ చేశాడండీ. పన్ను ఆలస్యమైతే ఏమవుతుందన్నాడు. ఎన్నాళ్ళయిందన్నాను. రెండేళ్ళన్నాడు. రెండేళ్ళు వదిలేస్తే ఇంకేముంది, పీకేయడమే అన్నాను. పాపం, ఏమనుకున్నాడో, ఫోను పెట్టేశాడు. మొన్న ఒకావిడకి నలభై కేజీల పళ్ళు కావాలిట. కాస్త పచ్చివైనా పరవాలేదంది.”

యజమాని నవ్వబోయి, డాక్టరమ్మ నవ్వడం లేదని చూసి ఆగాడు.

“మీకు ముందు ఇంకొకళ్ళు చేశారు. వాళ్ళూ ఇంతే. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అనుకుని మీ దగ్గరికొచ్చాను. ఇవాళ సాయంత్రంలోగా నిజంగా నొప్పున్న మనిషి ఒక్కరు ఫోన్ చేస్తే ఉంటాను. లేదంటే మానేస్తాను, ఏమీ అనుకోకండి.”

ఆమె వెళ్ళాక యజమాని ఎంక్వైరీ అక్క బల్ల దగ్గర నిలబడి, పెన్నుల గ్లాసుని అటూ ఇటూ తిప్పాడు. “ఇదొక్కటే మీ చేతిలో మిగిలిందక్కా. ఇదీ పోతే మరి...”

“పోతే?”

“చూద్దాం.”

చూద్దాం అంటే ఏమిటో ఆవిడకి తెలుసు. ఉద్యోగం పోతే తిండికి లోటేం లేదు, పాత పింఛను ఒక్క ప్రాణానికి సరిపోతుంది. ఆవిడ భయం తిండి గురించి కాదు. ఆ ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. ఇక్కడైతే పొద్దున్నే రెండు మూడు వందలమంది తమ గోడు ఆవిడకి చెప్పుకుంటారు. చెప్పుకుంటున్నామని వాళ్ళకి తెలియదనుకోండి, అది వేరే సంగతి. ఈ కుర్చీ పోయిందంటే లోకం ఆవిడతో మాట్లాడటం మానేసినట్టే.

కాగితం తీసి నిలువునా గీత గీసింది. గీతకి ఒక పక్క పన్ను అని రాసింది, రెండో పక్కా పన్ను అనే రాసింది. పెద్దవాళ్ళు రెంటికీ ఒకటే మాట ఎందుకు పెట్టారో! రెండూ నొప్పే కదా అనుకుని ఉంటారు. కాసేపు రెండు పక్కలా పైకి అనుకుంటూ కూర్చుంది. పన్నుకి గడువు. పన్నులో మినహాయింపు. పన్ను మీద వడ్డీ. ఇటు చూస్తే పంటికి సిమెంటు. పంట్లో పురుగు. పంటి కింద రాయి. ఆవిడ పెదవులు ఆగాయి. సర్కారుకి కట్టేది ఎలా తిప్పినా పన్నుగానే ఉంది. నోట్లోది కదిలిస్తే చాలు, పంటి అయిపోతోంది. చిన్నప్పుడు పలక మీద నేర్చుకున్న ముక్క ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది. పంటి, పంట్లో, పంటికి అన్నీ కావలసినవాటిలో వేసింది. కంగారులో గుడి మరచిపోయి “పంట నొప్పి” అని కొట్టేవాళ్ళు కూడా ఉన్నారు. మిషను వాళ్ళని రైతులనుకుని వదిలేసింది. పొలం నొప్పి పుడుతోందని ఏ రైతూ వెతకడు కాబట్టి, ఆవిడ దాన్నీ చేర్చుకుంది.

అయినా సరిపోలేదు. నొప్పిలో ఉన్న మనిషి వ్యాకరణం చూసుకుంటాడా? అసలు పన్ను అనైనా అంటాడా?

ఆవిడకి ఆ వారం గుర్తొచ్చింది. పదకొండేళ్ళయింది. ఆయన ఊపిరితిత్తులు చెడిపోయి ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. పగలు ఎంక్వైరీ, సాయంత్రం ఆసుపత్రి. ఆవిడకి కింది దవడలో ఎడమవైపు నొప్పి మొదలైంది. గుక్కెడు నీళ్ళు తాగితే చెవి దాకా లాగేది. బుగ్గలో లవంగం పెట్టుకుని, మాటలో తేడా తెలియకుండా అందరికీ నంబర్లు చెప్పింది. ఊళ్ళో పళ్ళ డాక్టర్లు పదకొండు మంది నంబర్లూ ఆవిడకి కంఠతా వచ్చు. ఆ వారంలోనే ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. తనకి మాత్రం, ఇవాళ కాదు రేపు, ఆయన కాస్త తేరుకోనీ, అనుకుంది. ఆయన తేరుకోలేదు. ఆవిడ పళ్ళు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. ఇప్పుడు ఆవిడ నోట్లో సొంత పన్ను ఒక్కటీ లేదు, పైనా కిందా కట్టుడువే.

పళ్ళు పోయాయి గానీ నొప్పి ఎక్కడికీ పోలేదు, అడిగితే పలికింది. ఆవిడ వేళ్ళు మీటల మీద కదిలాయి. “చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటోంది.” “ఒక పక్కే నములుతున్నాను.” “దవడ వాచింది.” “చెవి దాకా లాగుతోంది.” “లవంగం పెట్టినా తగ్గట్లేదు.” “సలుపు నిద్ర పట్టట్లేదు.” ఎందులోనూ పన్ను అన్న మాటే లేదు. పన్నెండు అయ్యేసరికి నలభై మాటలు పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పన్నెండున్నరకి మొదటి నొక్కు పడింది. చూస్తే లవంగాల ధర కావలసినవాడు. ధరని వద్దుల్లో వేసింది. ఒంటిగంటకి డబ్బా విప్పి పాలలో నానిన రొట్టె తింది. రెండింటికి ఒకటి, మూడింటికి రెండు నొక్కులు పడ్డాయి. డాక్టరమ్మ దగ్గర్నుంచి కబురు లేదు. మూడున్నరకి ఆవిడ లేచి, కిటికీ దాకా వెళ్ళి, కింద టైరు మారుస్తుంటే చూసి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

నాలుగూ ఇరవైకి బల్ల మీద ఫోను మోగింది.

“అమ్మా, వచ్చాడు” అంది డాక్టరమ్మ. “కుర్చీలోనే ఉన్నాడు. ఏం వెతికారండీ అంటే ఫోన్ తీసి చూపించాడు. ‘చల్లనీళ్ళు తాగుతుంటే జివ్వుమంటోంది ఏం చేయాలి’ అని కొట్టాడు. ఇంకో ఇద్దరు రేపటికి రాయించుకున్నారు. పన్ను సంగతి ఒక్కరూ అడగలేదు. మీరెలా కనిపెట్టారమ్మా?”

“విన్నానమ్మా” అంది ఆవిడ. ఒంట్లో బరువంతా దిగిపోయినట్టయింది. ఫోను పెట్టేశాక కూడా కాసేపు నవ్వుతూనే ఉంది.

యజమాని వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. “అదరగొట్టారక్కా” అన్నాడు. తరవాత, “ఈ మెట్లెక్కడం మీకు కష్టంగానే ఉన్నట్టుంది” అన్నాడు.

“లేదు బాబూ.”

“ఎండలు కూడా ముదిరాయి.” పెన్నుల గ్లాసు మళ్ళీ అతని చేతిలోకి వచ్చింది. “మీ మాటలు మధ్యాహ్నం మిషనుకి చూపించానక్కా. దారి తెలిసింది కదా, అదే ఇంకో రెండొందలు పట్టుకొచ్చింది. చూస్తే అన్నీ బానే ఉన్నాయి. డాక్టరమ్మదీ, మిగతావీ, ఇంక అన్నీ అదే... అంటే, మీరు ఇన్నేళ్ళు చేశారు, మీకూ కాస్త...”

ఆవిడ మెడ ఒరగేసి వింది. ఎంక్వైరీలో అవతలివాళ్ళు తడబడుతుంటే మధ్యలో అందుకోకూడదు. కానీ మరీ అవస్థ పడుతుంటే అందించాలి.

“మీక్కావలసినదాని పేరు గుర్తు రావట్లేదు బాబూ” అంది మెల్లగా. “వద్దు అంటే చాలు. చిన్న మాటే.”

అతను తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు. “నెలాఖరు దాకా ఉండండక్కా” అన్నాడు. “ఎందుకు బాబూ, పని లేకుండా” అంది ఆవిడ. గొంతు వణకలేదు, అది ఇరవై రెండేళ్ళ అలవాటు. ఏడుపు మాత్రం వచ్చింది. తెర వైపు తిరిగి, మిషను తెచ్చిన రెండొందల మాటలూ ఒక్కొక్కటే చదువుతూ దాన్ని ఆపుకుంది. గుంజుతోంది. పోటు పొడుస్తోంది. చిగురు ఉబ్బింది. మంచి మాటలే, ఆవిడకి తట్టనివి కూడా ఉన్నాయి. నూట నలభయ్యో వరసలో “నిన్ను చూస్తే ఒళ్ళు జివ్వుమంటోంది” అని ఉంది. వదిలేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ప్రేమలో పడ్డవాళ్ళందరూ డాక్టరమ్మ ఫోను మోగిస్తే మిషను సంగతి యజమానికే తెలుస్తుంది. కానీ ఆ ఫోను ఎత్తాల్సింది ఆ పిల్ల. ఆవిడ “ఒళ్ళు” అన్న ముక్కను వద్దుల్లో వేసి, కంప్యూటరు ఆపేసింది.

సంచిలో డబ్బా పెట్టుకుంటుండగా డాక్టరమ్మ మెట్లెక్కి వచ్చింది. ఇంటికి వెళ్తూ వచ్చిందట. పొద్దుటి మొహం కాదు, పదేళ్ళు తగ్గినట్టుంది. “ఇది మీకమ్మా” అని చేతిలో ఒక కవరు పెట్టింది. “మెత్తటిది, మీ వయసువాళ్ళకి మంచిది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రేపు ఓసారి రండి, మీ పళ్ళు నేను చూస్తాను.”

“అలాగేనమ్మా” అంది ఆవిడ, పెదవులు విప్పకుండా నవ్వి. డాక్టరమ్మ మెట్లు దిగేదాకా ఆగి, కుర్చీ మీద మడత పెట్టిన శాలువ తీసుకుని, యజమానికి చెప్పి, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. కింద గాలి మిషను బుస్సుమంది.

పైన, ఆపేసిన తెర ముందు, ఆసుపత్రి పేరూ నంబరూ అచ్చేసిన చింపని కవరులో, నీలం పిడి ఉన్న కొత్త పళ్ళ బ్రష్షు ఉండిపోయింది.